పొగ లేని బొగ్గు: ఆంథ్రసైట్ పుట్టుక, గుణాలు, వినియోగం

తెలుగువారికి బొగ్గు రెండు రకాలు. కట్టెను పేర్చి, మట్టి కప్పి, గాలి సోకకుండా మగ్గబెడితే వచ్చేది కర్ర బొగ్గు. భూమిని తవ్వితే దొరికేది రాక్షసి బొగ్గు. మన ఇళ్లలో మాట్లాడుకునే ఉర్దూలో మొదటిది లక్డీ కా కోయ్‌లా, రెండవది పత్థర్ కా కోయ్‌లా. మా సోమందేపల్లెలో ఇస్త్రీ పెట్టెలోనూ, కబాబులు కాల్చే ఇనుప తొట్టిలోనూ, సాంబ్రాణి వేసే ధూపపాత్రలోనూ కనిపించేది కర్ర బొగ్గే. రాక్షసి బొగ్గును కళ్లారా చూసినవారు ఇప్పుడు మా ఊళ్లో తక్కువ. మా చిన్నతనంలో హిందూపురం దారిలో ఆవిరి రైళ్లు నడిచేవి. పట్టాల పక్కన పడిన సగం కాలిన ముక్కలను ఏరుకొచ్చి, పలక మీద రాస్తే అక్షరం పడుతుందేమోనని పరీక్షించిన తరం మాది. అక్షరం పడేది కాదు, చేతులు మాత్రం నల్లబడేవి.

ఈ రాక్షసి బొగ్గు కుటుంబంలో అన్నిటికంటే గట్టిది, అన్నిటికంటే వేడినిచ్చేది ఆంథ్రసైట్. దానికి ప్రపంచంలో అంతటి పేరు రావడానికి ముఖ్య కారణం, అది దాదాపు పొగ లేకుండా మండడం. పొగ రాని నిప్పు హాని చేయని నిప్పు అన్న నమ్మకం దాని వెంటే వ్యాపించింది. మన ఇళ్లలో కర్ర బొగ్గు విషయంలోనూ అదే నమ్మకం ఉంది. అది ఎంత ప్రమాదకరమైనదో చెప్పాలనే ఈ వ్యాసానికి పూనుకున్నాము. అయితే ఆ బొగ్గు ఎలా పుట్టిందో, ఎలా మండుతుందో తెలియకుండా ఆ ప్రమాదం అర్థం కాదు కనుక అక్కడి నుంచే మొదలు పెడదాము.

మా ప్రాంతంలో ఎంత లోతు తవ్వినా బొగ్గు దొరకదు. వెయ్యి అడుగుల బోరు వేసినా పైకి వచ్చేది తెల్లని రాతి పొడే. పెనుకొండ గుట్టలు, మా పొలాల్లో తేలిన బండలు అన్నీ గ్రానైటు, నైస్ జాతి శిలలు. వీటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. నేల మీద మొక్కలు పుట్టి 50 కోట్ల సంవత్సరాలైనా కాలేదు. బొగ్గంటే పూర్వకాలపు చెట్టే గదా! చెట్టన్నదే లేని కాలంలో ఏర్పడిన రాతిలో బొగ్గు ఎక్కడి నుంచి వస్తుంది?

బొగ్గు పుట్టాలంటే ముందు చిత్తడి అడవి కావాలి. చెట్లు కూలి నిలువ నీటిలో పడాలి. ఆ నీటి అడుగున ప్రాణవాయువు అంతగా అందదు కనుక చెట్టు పూర్తిగా కుళ్లిపోదు. నల్లని మెత్తని ముద్దగా మారుతుంది. దీనిని పీట్ అంటారు. దానిపై ఇసుక, ఒండ్రు పొరలు పొరలుగా పేరుకుంటాయి. పైబరువుకు నీరు పిండుకుపోతుంది. నేల లోపలికి ఒక్కో కిలోమీటరు దిగేకొద్దీ వేడి సుమారు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. ఆ వేడికి ముద్దలోని ఉదజని, ప్రాణవాయువు రకరకాల వాయువులుగా, నీరుగా విడిపోతాయి. మిగిలేది కర్బనం. అందుచేత లోతు, వేడి పెరిగిన కొద్దీ బొగ్గులో కర్బనం పాలు హెచ్చుతుంది. తేమనూ బూడిదనూ తీసివేసి లెక్కిస్తే ఎండు కట్టెలో కర్బనం సగం. పీట్‌లో 60 శాతం దరిదాపు. లిగ్నైట్‌లో 70. బిట్యుమినస్ బొగ్గులో 75 నుంచి 90 దాకా. ఆంథ్రసైట్‌లో 92 దాటుతుంది.

అంటే ఒకనాటి చెట్టు సూర్యరశ్మిని పట్టి దాచుకున్న శక్తినే నేడు మనం మండిస్తున్నాము. యాసీన్ సూరాలో 80వ ఆయతు పచ్చని చెట్టు నుంచి అల్లాహ్ నిప్పును కలిగించిన సంగతిని జ్ఞాపకం చేస్తుంది. ఈ మధ్య కొందరు వక్తలు ఆ ఆయతు బొగ్గు గురించే చెప్పిందని గట్టిగా వాదిస్తున్నారు. మన పూర్వ వ్యాఖ్యాతలు దానికి అరబ్బు నేలలోని మర్ఖ్, అఫార్ చెట్ల కొమ్మలను ఒకదానితో ఒకటి రాపిడి చేసి నిప్పు పుట్టించే అలవాటును ఉదాహరణగా చూపారు. ఆ అర్థం దానికి చాలు. సైన్సు పుస్తకంలో కనిపించిన ప్రతిదానినీ ఆయతు మీదికి ఎక్కించడం మాకు ఇష్టం లేదు.

సింగరేణి, కాలాకోట్

తెలుగువారి బొగ్గు గోదావరి లోయది. 1871లో భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉనికిని కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు సంపాదించింది. ఇల్లందు దగ్గరి చిన్న గ్రామం సింగరేణి పేరుతో 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ వెలసింది. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ వాటాలు కొని దానిని సర్కారు అధీనంలోకి తెచ్చింది. ఇప్పుడు అందులో తెలంగాణ వాటా 51 శాతం, కేంద్రం వాటా 49 శాతం. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రానికి ఆ గనుల బొగ్గు వచ్చింది. కాబట్టి మా ఊరి మసీదులో దీపం వెలగడంలో కొత్తగూడెం, రామగుండం గని కార్మికుల చెమట కూడా ఉంది.

సింగరేణి బొగ్గు వయస్సు 25 కోట్ల సంవత్సరాలకు పైమాటే. అప్పుడు దక్షిణ భారతం, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా అన్నీ ఒకే మహాఖండంగా కలిసి ఉండేవి. ఆ ఖండాన్నే గోండ్వానా అన్నారు. ఆ కాలపు గ్లాసోప్టెరిస్ జాతి చెట్ల ఆకుల ముద్రలు ఈ బొగ్గు పొరల రాళ్ల మీద నేటికీ కనిపిస్తాయి. ఇంత ప్రాచీనమైన బొగ్గు ఆంథ్రసైట్ అయి ఉండాలి గదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కాలేదు. బూడిద ఎక్కువగా ఉండి, విద్యుత్కేంద్రాలకు సరిపోయే మధ్య తరగతి బొగ్గుగానే నిలిచిపోయింది. మన దేశంలో 2012 నుంచి బొగ్గును అది ఇచ్చే వేడిని బట్టి జీ-1 మొదలు జీ-17 వరకు తరగతులుగా విభజిస్తున్నారు. కిలోకు 7 వేల కిలోకేలరీలు దాటితే జీ-1. సింగరేణి బొగ్గులో అధిక భాగం మధ్య, దిగువ తరగతులది.

ఇప్పుడు జమ్మూ వైపు చూడండి. రాజౌరీ జిల్లాలోని కాలాకోట్, రియాసీ ప్రాంతపు బొగ్గు వయస్సు సుమారు 5 కోట్ల సంవత్సరాలు. సింగరేణి ముందు అది పసిపాప. అయినా మన దేశంలో ఆంథ్రసైట్ జాతికి చేరువైన బొగ్గు కాస్తో కూస్తో దొరికేది అక్కడే. కారణం హిమాలయాలు. భారత భూఖండం ఉత్తరాన ఆసియాను ఢీకొని కొండలు లేచినప్పుడు అక్కడి పొరలు మడతలు పడి, నలిగి, వేడెక్కాయి. గోదావరి లోయకు అటువంటి ఒత్తిడి రాలేదు. అక్కడ నేల నిదానంగా కుంగింది, పొరలు ప్రశాంతంగా పరుచుకున్నాయి. బొగ్గు తరగతిని నిర్ణయించడంలో కాలం కంటే అది భరించిన వేడి, ఒత్తిడి ముఖ్యం. మా వద్ద చదివే పిల్లలకు ఈ రెండు ఊళ్ల పోలిక చెబితే చాలు, ఆంథ్రసైట్ సంగతి సగం అర్థమైపోతుంది.

అయితే ఆ నలుగుడులోనే జమ్మూ బొగ్గు పొడి పొడి అయిపోయింది; పొరలు పలుచన, పరిమాణం స్వల్పం. అందుకే మన పరిశ్రమలకు కావలసిన ఆంథ్రసైట్ ప్రధానంగా విదేశాల నుంచే రావాలి. వియత్నాంలోని క్వాంగ్ నిన్, అమెరికాలోని పెన్సిల్వేనియా, బ్రిటన్‌లోని దక్షిణ వేల్స్ దీనికి పేరుబడ్డ తావులు. తవ్వకంలో నేడు చైనాదే పైచేయి.

వజ్రం మాట

బొగ్గును ఇంకా నొక్కితే వజ్రమవుతుందని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. బడి పిల్లలు మొదలు ఉపన్యాసకుల దాకా అందరూ చెబుతారు. మా అనంతపురం వారికి ఈ మాట తప్పని తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. ఉరవకొండ దగ్గర వజ్రకరూరు ఉంది. తొలకరి వాన పడగానే అక్కడి చేలలో వజ్రాల కోసం జనం వంగి వంగి వెతకడం ఏటా పత్రికల్లో చూస్తూనే ఉంటాము. అక్కడ వజ్రాలను పైకి మోసుకొచ్చిన కింబర్లైట్ శిల వయస్సు సుమారు 110 కోట్ల సంవత్సరాలు. అప్పటికి నేల మీద గడ్డిపోచ కూడా లేదు. చెట్టే పుట్టకముందు పుట్టిన వజ్రం, చెట్టు నుంచి పుట్టిన బొగ్గుకు బిడ్డ ఎలా అవుతుంది? వజ్రం 150 కిలోమీటర్లకు మించిన లోతులో వేరే కర్బనం నుంచి ఏర్పడినది. ఆంథ్రసైట్‌ను ఇంకా వేడి చేసి నొక్కుతూ పోతే ప్రకృతిలో చివరికి అయ్యేది గ్రాఫైట్. అంటే పెన్సిలు ముల్లు!

చేతిలోకి తీసుకుంటే

ఆంథ్రసైట్ ముక్క చేతికి మసి అంటనీయదు. మా చిన్నప్పటి రైలు బొగ్గుకూ దీనికీ పెద్ద తేడా ఇదే. నల్లగా, లోహం మీది మెరుపు వంటి మెరుపుతో ఉంటుంది. పగలగొడితే గాజు పగిలినట్లు వంపులు తిరిగి పగులుతుంది. తేమ అతి తక్కువ. మండినప్పుడు వాయువుగా లేచిపోయే పదార్థాలు 8 శాతం లోపే. మామూలు బొగ్గు త్వరగా అంటుకోవడానికీ, పసుపు మంటతో, నల్లని పొగతో మండడానికీ ఆ పదార్థాలే కారణం. అవి లేవు కనుక ఆంథ్రసైట్ అంటుకోవడానికి మొరాయిస్తుంది. ఒకసారి అంటుకుంటే గంటల తరబడి, నిలకడగా, చిన్న నీలి మంటతో, పొగ దాదాపు లేకుండా కాలుతుంది. ఈ నీలి మంటను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. దాని దగ్గరకు మళ్లీ వస్తాము.

ఇది మండదని జనం చాలాకాలం నమ్మారు. పెన్సిల్వేనియాలో దానిని రాతి బొగ్గు అని పక్కన పెట్టేవారు. 1808 ఫిబ్రవరి 11న విల్క్స్-బారీ పట్టణంలో జెస్సీ ఫెల్ అనే ఆయన ఇనుప కడ్డీల అరలో దానిని పేర్చి, కింది నుంచి సహజంగా గాలి అందేలా చేసి మండించి చూపాడు. అంతటితో ఇళ్లను వెచ్చబరచడానికి దానికి గిరాకీ పుట్టింది. ఒకసారి అంటుకుంటే ఆరదనడానికి సాక్ష్యం కూడా ఆ రాష్ట్రంలోనే ఉంది. సెంట్రేలియా అనే ఊరి కింద 1962లో గనికి అంటుకున్న నిప్పు నేటికీ మండుతూనే ఉంది; ఊరు ఖాళీ అయింది.

ఇంత మేలు రకమైనా ఇది అన్ని పనులకూ పనికి రాదు. ఉక్కు కొలిమికి కావలసిన కోక్ తయారు కావాలంటే బొగ్గు వేడికి మెత్తబడి, ఉబ్బి, ముద్ద కట్టాలి. ఆంథ్రసైట్ ముద్ద కట్టదు. కోక్ ఒక జాతి బిట్యుమినస్ బొగ్గుతోనే అవుతుంది. విశాఖ ఉక్కు కర్మాగారం అటువంటి బొగ్గును ఓడల్లో తెప్పించుకోవడం అందుకే. ఆంథ్రసైట్ పొడిని ఇనుప ఖనిజపు పొడిని గడ్డ కట్టించేటప్పుడు కలుపుతారు. విద్యుత్ కొలుముల్లో వాడే కర్బనపు ముద్దల తయారీకి, ఉక్కులో కర్బనం పాలు పెంచడానికి వాడతారు.

మా కరువు సీమవారికి ఆసక్తి కలిగించే ఉపయోగం మరొకటి ఉంది. అది నీటి వడపోత. పెద్ద శుద్ధి కేంద్రాల్లో ఇసుక పొర మీద ఆంథ్రసైట్ రేణువుల పొరను పరిచే పద్ధతి ఉంది. ఇసుక ఒక్కటే ఉంటే మురికి అంతా పై అంగుళంలోనే పట్టేసి దారి మూసుకుపోతుంది. పైన పెద్ద రేణువుల బొగ్గు పొర ఉంటే ముతక మురికిని అది లోతుగా పట్టి ఉంచుతుంది, సన్నని మురికిని కింది ఇసుక పడుతుంది. వడపోతను శుభ్రం చేయడానికి నీటిని కింది నుంచి పైకి ఎదురు తోస్తారు. అప్పుడు రెండూ కలిసి పైకి లేస్తాయి. మళ్లీ అవి కలగాపులగం కావా అని సందేహం రావచ్చు. కావు. ఇసుక నీటి కంటే రెండున్నర రెట్లకు పైగా బరువు, ఆంథ్రసైట్ ఒకటిన్నర రెట్లు మాత్రమే. నీటి జోరు ఆగగానే ఇసుక ముందు దిగుతుంది, బొగ్గు దాని పైన కూర్చుంటుంది. ఎవరూ చేయి పెట్టి సర్దనక్కరలేదు.

అయితే ఒక హెచ్చరిక. మా జిల్లా బోరు నీటిలో ఫ్లోరైడ్ పెద్ద సమస్య. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే పళ్ల మీద మచ్చలు, మరీ పెరిగితే ఎముకల వంకరలు. ఫ్లోరైడ్ నీటిలో కరిగి ఉంటుంది, తేలే మురికి కాదు. బొగ్గు పొర దానిని ఆపలేదు. ఇంట్లోని శుద్ధి యంత్రంలో ఉండే కార్బన్ గొట్టం వాసననూ క్లోరిన్‌నూ తీస్తుంది. ఫ్లోరైడ్‌ను తగ్గించేది అందులోని పొర, అంటే ఆర్వో పొర. కార్బన్ గొట్టం ఒక్కటే ఉన్న చవక యంత్రాన్ని ఫ్లోరైడ్ తీస్తుందని అంటగట్టేవారు ఉన్నారు. కొనేముందు అడగండి.

నీలి మంట చెప్పే సంగతి

ఇక నీలి మంట దగ్గరకు వద్దాము. కర్బనానికి గాలి సమృద్ధిగా అందితే బొగ్గుపులుసు వాయువు అవుతుంది. చాలీచాలకుండా అందితే కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. నిప్పుల కుప్ప లోపలి భాగంలో గాలి ఎప్పుడూ చాలదు, కనుక అక్కడ ఈ వాయువు పుడుతూనే ఉంటుంది. అది పైకి వచ్చి గాలి తగలగానే మండుతుంది. ఆ మంటే నీలంగా కనిపిస్తుంది. నిప్పులు కాస్త చల్లారి, నీలి మంట ఆగి, ఎర్రగా బూడిద కప్పుకుని ఉన్నప్పుడు మనం ఇక ప్రమాదం లేదనుకుంటాము. ఆ వాయువు మండకుండా గదిలోకి వచ్చేది సరిగ్గా అప్పుడే. దానికి రంగు లేదు, వాసన లేదు, కంట మంట లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకునే దానికి 200 రెట్లకు మించి గట్టిగా దీనిని పట్టుకుంటుంది. పొగే వస్తే దగ్గు వచ్చి మనిషి బయటికి పరుగెత్తుతాడు. పొగ లేని నిప్పు ఆ హెచ్చరిక కూడా చేయదు.

దక్షిణ కొరియా దీనికి పెద్ద ఉదాహరణ. అక్కడ ఆంథ్రసైట్ పొడిని రంధ్రాలున్న గుండ్రని దిమ్మెలుగా చేసి, నేల కింద మండించి గదులు వెచ్చబరచుకునేవారు. పొగ లేదు, చవక, రాత్రంతా వెచ్చన. నేలలోని పగుళ్ల గుండా ఈ వాయువు గదిలోకి చేరి నిద్రలోనే ఎన్నో కుటుంబాలు కడతేరిపోయాయి. 1960 మొదలు 1980ల వరకు అక్కడ చలికాలమంటే ఈ మరణాల కాలం.

కొరియా దూరం అనుకోకండి. మన ఇళ్లలో బాలింత గది సంగతి ఆలోచించండి. చిల్లా పూర్తయ్యే వరకు తల్లికీ బిడ్డకూ గాలి తగలకూడదని తలుపులు, కిటికీలు మూస్తారు. స్నానం కాగానే మంచం కింద కుంపటి పెడతారు, సాంబ్రాణి వేస్తారు, బిడ్డను ఆ వెచ్చదనానికి పట్టుకుంటారు. ఇదంతా ప్రేమతో చేసే సేవే. తల్లులు, అత్తలు, నానమ్మలు తరతరాలుగా చేస్తూ వచ్చినది. ఆనాటి ఇంటి కప్పు పెంకులదో బోదదో. సందుల గుండా గాలి ఆడేది. నేటి గదికి సిమెంటు కప్పు, అద్దాల కిటికీ, బిగువైన తలుపు. కుంపటి మారలేదు, గది మారింది. పసిబిడ్డ శ్వాస పెద్దవారి కంటే వేగంగా ఉంటుంది కనుక విషం కూడా ముందు బిడ్డకే ఎక్కుతుంది.

మన రాయలసీమ నుంచి కువైట్, సౌదీ వెళ్లిన బిడ్డలది మరో చిక్కు. అక్కడి ఎడారి రాత్రులు శీతాకాలంలో ఎముకలు కొరుకుతాయి. మా పూర్వ విద్యార్థి ఒకరు అక్కడ డ్రైవరు. ఒక రాత్రి నలుగురు కలిసి, మాంసం కాల్చిన బొగ్గుల పళ్లెం ఆరిపోయిందనుకుని గదిలో పెట్టుకుని పడుకున్నారట. ఒకరికి తలనొప్పితో మెలకువ వచ్చి, వాంతికి బయటికి పోతూ గడప మీదే కూలిపోయాడు. అతడు తెరిచిన తలుపే మిగతా ముగ్గురినీ బతికించింది, అల్‌హమ్దులిల్లాహ్.

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా కాలిపోయిన సంగతి తెలిసినప్పుడు, పడుకునే ముందు నిప్పును ఆర్పివేయమని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. ఆ ఆదేశానికి కారణంగా ఇల్లు అంటుకునే భయాన్ని మన ఉలమాలు వివరించారు. కారణం ప్రాణహాని అయినప్పుడు, మంట లేని ఈ వాయువు కూడా ఆ ఆదేశం పరిధిలోనిదేనని మా అభిప్రాయం. పళ్లెంలో ఎర్రని కణిక ఒక్కటి మిగిలినా అది ఆరిన నిప్పు కాదు.

చేయవలసినది పెద్దదేమీ కాదు. బొగ్గును ఆరుబయటే రాజేయాలి. బాలింతకు సాంబ్రాణి పట్టదలిస్తే వరండాలోనో, తలుపూ కిటికీ రెండూ తెరిచిన గదిలోనో కొద్ది నిమిషాలు పట్టి కుంపటిని బయట పెట్టివేయాలి. వెచ్చదనానికి దుప్పటి, బిడ్డను తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టడం చాలు. నిప్పున్న గదిలో ఎవరికైనా తలనొప్పి, తల తిరుగుడు, వికారం, మత్తు కలిగితే, ముఖ్యంగా ఒకరికి కాక ఇద్దరు ముగ్గురికి ఒకేసారి కలిగితే, జలుబో అజీర్తో అనుకోవద్దు. ముందు తలుపులు తెరిచి అందరినీ బయటికి తేవాలి. తర్వాత 108కు ఫోను చేయాలి. ఆస్పత్రిలో బొగ్గుల కుంపటి ఉన్న సంగతిని మొదటే చెప్పాలి. కరోనా నాటి నుంచి చాలా ఇళ్లలో ఉన్న వేలికి తొడిగే చిన్న పరికరాన్ని ఇక్కడ నమ్మవద్దు. అది ప్రాణవాయువుకూ ఈ విషవాయువుకూ తేడా పట్టలేదు. రోగి స్పృహ తప్పుతున్నా 98 అని చూపించగలదు.